దీవివాళ్ళ వంతు

మూడు రోజులు తెల్లబ్రెడ్డు, నిన్నంతా నీళ్ళూ పలచటి సూపూ తప్ప ఇంకేమీ ముట్టని మనిషి, డబ్బా నిండా చేపవడలు పట్టుకుని స్కానింగ్ విభాగంలోకి వచ్చాడు.

“యూర్డిస్ తెల్లారకుండానే లేచి వేయించింది,” అన్నాడు పేడర్, డబ్బాని అక్కడ పరీక్షలు చేసే ఇంగున్ చేతిలో పెడుతూ. “బోటులో ఒళ్ళో పెట్టుకుని దారంతా వాసన చూస్తూ కూర్చున్నాను. నా పాపాలన్నీ ఈ ఒక్క ప్రయాణంతో కడుక్కుపోయుంటాయి.”

“కడుపు కడిగే ఆ పొడి కలుపుకు తాగావుగా. అవి రాత్రే పోయుంటాయిలే,” అంది ఇంగున్.

పేడర్ భుజాలు కదిలేలా నవ్వాడు. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్ళు వలతాళ్ళు లాగిన వేళ్ళు ఇప్పుడు ఎంత చాపినా పూర్తిగా సాగవు. ఇంగున్ పుట్టింది కూడా గ్రోహోల్మ్ దీవిలోనే. అందుకే డబ్బా ఎందుకని అడగలేదు. దీవి నుంచి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రారు, ఆ డబ్బా వెనక్కి ఖాళీగా వెళ్ళదు. అది ఐస్‌క్రీం అయిపోయాక కడిగి దాచుకున్న డబ్బా. మూతమీద తెల్లటేపు అంటించి పేడర్ భార్య పేరు, యూర్డిస్ అని, పెన్నుతో రాసి ఉంది. పేరు ఉన్న డబ్బా తిరిగి రావాలన్నమాట.

ఆ విభాగంలో ఇంకో అలవాటు కూడా ఉంది. పేగుల స్కానింగ్ ఉన్న రోజుల్లో మొదటి వంతులు దీవివాళ్ళవి. పరీక్ష అయ్యాక ఎవరైనా సరే గంటసేపు బయట కుర్చీలో కూర్చోవాలి, కళ్ళెదుటే ఉండాలి. దీవివాళ్ళకి మాత్రం ఆ గంట మినహాయింపు. మధ్యాహ్నం బోటు దాటితే మళ్ళీ మర్నాడే. ఈ మినహాయింపు ఎక్కడా రాసిలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఇంగున్ ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. చేపవడలు మాత్రం అందరూ తిన్నారు.

“మొన్న కెమెరా గొట్టం వేసి చూసినప్పుడు సగంలోనే ఆగిపోయారట కదా,” అంది ఇంగున్, అతనికి వెనక కట్టుకునే గౌను ఇస్తూ.

“నా పేగులు మన దీవి రేవుదారిలాంటివట. అన్నీ మలుపులే, మధ్యలో సందులు. డాక్టరే అన్నాడు. అందుకే ఫొటో తీద్దామన్నారు.” గౌను అటూ ఇటూ తిప్పి చూశాడు. “దీనికి వెనక తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందా?”

“నీ కోసమే తెరిచి పెట్టాం. ఎక్కు.”

అతన్ని ఎడమపక్కకి పడుకోబెట్టి, వేలంత సన్నటి రబ్బరు గొట్టానికి జెల్లీ రాసి మెల్లగా పెట్టింది. గొట్టం చివర బుడగలో కొద్దిగా గాలి నింపింది, జారిపోకుండా. పేగు వదులయ్యే సూదిమందు చేతికి ఎక్కించింది. తర్వాత మిషను మీట నొక్కింది. గ్యాసు లోపలికి వెళ్ళడం మొదలైంది. పేగు విచ్చుకుంటేనే లోపలి గోడలు కనిపిస్తాయి. ముడుచుకున్న పేగులో గడ్డ దాక్కున్నా తెలియదు.

“అసలు నేను వచ్చింది నా కోసం కాదు,” అన్నాడు పేడర్, గోడకేసి మాట్లాడుతూ. “యూర్డిస్‌కి రక్తం పోతోంది. ఎండాకాలం నుంచీ. చెప్పలేదు. బట్టలు ఉతుకుతుంటే నేనే చూశాను. చిక్కిపోయింది, కోటు మేకుకి తగిలించినట్టు వేలాడుతోంది. ఆవిడకి ఈ గొట్టం అంటే ప్రాణం పోయేంత భయం. నాకూ రాశారు కదా, ముందు నేను వెళ్ళి చూసొచ్చి చెబుతాను, ఆ తర్వాత నువ్వు వెళ్ళు అన్నాను. వచ్చే గురువారం ఆవిడది.”

“తెలుసు. మొదటి వంతు వేశాను.”

మిషను కూత వేసింది. లోపల ఎక్కడో గ్యాసుకి దారి దొరకడంలేదు, ఒత్తిడి పెరుగుతోంది. ఇది రోజూ జరిగేదే. ఇంగున్ ఆపి, అతన్ని కొద్దిగా వెల్లకిలా తిప్పి, పొట్టమీద అరచేయి పెట్టి చూసింది. బిగుసుకుని ఉంది. “నొప్పిగా ఉందా?”

“చెప్పుకునేంత ఏం లేదు. కానియ్యి.”

కానిచ్చింది. గ్యాసు మళ్ళీ కదిలింది. అద్దం వెనకనుంచి వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి ఫొటోలు తీసింది. బోర్లా తిరగడానికి పేడర్ చాలాసేపు తీసుకున్నాడు. పేగు బాగా విచ్చుకుందా లేదా అని మాత్రమే ఆమె తెరమీద చూసింది. మిగతాది చూడటం డాక్టరు పని, అది మధ్యాహ్నం తర్వాత.

బట్టలు వేసుకున్నాక పేడర్ బల్లమీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. ఒక బూటు కట్టాడు. రెండోది కట్టడానికి వంగి, అలాగే ఉండిపోయాడు. ఇంగున్ దుప్పటి మారుస్తూ అది చూసింది. మనిషి బూటు తాడు కట్టుకోవడానికి అంతసేపు పట్టదు. దగ్గరికి వెళ్ళి వంగి ఆ రెండో తాడు తనే కట్టింది. అతని నుదురు తడిగా ఉంది.

“కాసేపు కూర్చుంటావా పేడర్? రేపు పొద్దున బోటుకి వెళ్ళొచ్చు.”

“గాలి నింపావు కాబట్టి గాలి ఉంది. బయటికి పోతుంది. బోటులో ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళకే కష్టం.” లేచి నిలబడ్డాడు. “యూర్డిస్ రేవులో నిలబడి ఉంటుంది.”

ఆ చివరి మాట పనిచేసింది. ఇంగున్ టాక్సీ పిలిచింది. అది చాలదని బోటు కెప్టెన్‌కి కూడా ఫోన్ చేసి, పేడర్ వస్తున్నాడు, ఒక్క క్షణం ఆగమని చెప్పింది. ఆగుతానన్నాడు. ఆమెకి ఆ పూట తన మీద తనకే కాస్త ఇష్టం కలిగింది.

భోజనాల వేళ విభాగం పెద్ద బెంతె, ఫొటోలు చూసే డాక్టర్ స్టీయాన్, ఇంగున్ కాఫీ గదిలో కూర్చుని చేపవడలు తిన్నారు. బెంతె నాలుగు తింది. “ఈ యూర్డిస్ ఎవరో గానీ జాజికాయ వేసే చెయ్యి మాత్రం బంగారం,” అంది. ఇంగున్ డబ్బా కడిగి కాఫీ మిషను పక్కన బోర్లించింది.

మధ్యాహ్నం స్టీయాన్ ఆమెని తన చీకటిగదిలోకి పిలిచాడు. తెరమీద పేడర్ కడుపు అడ్డకోత. అతను చూపుడువేలితో ఒకచోట చూపించాడు. పేగు గోడ బయట, ఉండకూడని చోట, సన్నటి నల్లగీత. గాలి.

“గడ్డలేం లేవు. పేగంతా శుభ్రంగా ఉంది,” అన్నాడు. “కానీ ఇది చిల్లు. మనిషెక్కడ? కుర్చీలో ఉన్నాడా?”

“బోటులో.”

స్టీయాన్ సర్జన్‌కి ఫోన్ చేశాడు. ఇలాంటివి కొన్ని వాటంతటవే పూడిపోతాయి, నొప్పి ఉందో లేదో కనుక్కోండి అన్నాడు సర్జన్. లేకపోతే మందు రాస్తాను, పొద్దున బోటుకి రమ్మనండి. ఉంటే హెలికాప్టర్ పంపుదాం, రాత్రికి తుఫానుగాలి ఉంది, పంపేదుంటే ఇప్పుడే పంపాలి.

“నేను కనుక్కుంటాను, మా దీవి మనిషి,” అంది ఇంగున్.

రెండోసారి మోగాక పేడర్ ఎత్తాడు. ఇంటికి చేరాడట. సోఫాలో పడుకున్నాడట.

“పేడర్, ఫొటోలో కాస్త గాలి బయటికి వచ్చినట్టుంది. నిజం చెప్పు. నొప్పి ఉందా?”

అటు ఎవరో గుసగుసగా ఏదో అనడం వినిపించింది. తర్వాత పేడర్ గొంతు. “చెప్పుకునేంత ఏం లేదు.”

గ్రోహోల్మ్‌లో పుట్టిన పిల్లకి ఆ మాట కొత్తది కాదు. ఆమె తాతకి చేపల కోతమిషనులో రెండువేళ్ళు పోయినరోజు కూడా ఆయన అన్నమాట అదే. అది ఆమెకి తెలుసు. తెలిసీ ఫోన్ పెట్టేసి, స్టీయాన్‌కేసి తిరిగి, “నొప్పి లేదట,” అంది.

రాత్రి నొప్పి ముదిరింది. తుఫానుగాలి తగ్గాక మర్నాడు తెల్లవారుతుండగా హెలికాప్టర్ అతన్ని తెచ్చింది. మళ్ళీ అదే బల్లమీదికి, అదే గదిలోకి. ఇంగునే ఎక్కించుకుంది. పొట్ట చెక్కలా ఉంది. పెదాలు బూడిదరంగు. చెయ్యి వెయ్యబోతే తెలియకుండానే ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

“మళ్ళీ నువ్వేనా,” అన్నాడు. “నీకు రెండుసార్లు పని పెట్టాను. ఏమీ అనుకోకు.”

క్షమాపణ చెప్పాల్సింది ఎవరో, చెప్పింది ఎవరో.

“యూర్డిస్‌కి చెప్పు,” అన్నాడు, ఊపిరి ఆపి ఆపి. “ఆ గొట్టం... అంత ఏం లేదని చెప్పు. చూసొచ్చి చెబుతానన్నాను. ఆవిడ రాకపోతే కష్టం.”

“నువ్వే చెబుదువుగాని.”

“చెప్పు నువ్వు,” అన్నాడు.

సర్జన్ కడుపు కోసి కడిగాడు. పేగు సగం తీసేశాడు. విషం అప్పటికే రక్తంలో కలిసింది. మిషన్ల మధ్య రెండు రాత్రులు ఉంచారు. యూర్డిస్ ఆ రెండురోజులూ కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుందట. ఇంగున్ రెండుసార్లు ఆ వార్డు తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. శుక్రవారం పొద్దున పేడర్ పోయాడు.

సోమవారం బెంతె గదిలో సమావేశం. ఆ తీరంలో డాక్టరైనా జాలరైనా పేరుపెట్టి నువ్వు అనుకోవడమే, పెద్దా చిన్నా తేడా లేదు. ఆరోజు మాత్రం బెంతె మాటల్లో పేడర్ ‘రోగి’ అయ్యాడు.

“వెయ్యిమందిలో ఒకరికి కూడా రాని అపాయం ఇది. పరీక్షలో తప్పేమీ జరగలేదు,” అంది బెంతె. “పరీక్ష తర్వాత రోగి తన ఇష్టప్రకారం ముందుగా వెళ్ళిపోయాడు. ఫోన్‌లో అడిగితే నొప్పి లేదన్నాడు. అంతే కదా?”

“తన ఇష్టప్రకారం కాదు. మనం పంపాం,” అంది ఇంగున్. “దీవివాళ్ళని అందరినీ అలాగే పంపుతాం కదా.”

“మన దగ్గర అలాంటి పద్ధతి ఏం లేదు ఇంగున్.”

ఇంగున్ స్టీయాన్‌కేసి చూసింది. అతను కాఫీకప్పు లోపలికి చూస్తున్నాడు. తెరిచి ఉన్న తలుపులోంచి కాఫీ మిషను పక్కన బోర్లించిన డబ్బా కనిపిస్తోంది. నాలుగు వడలు తిన్న నోటితో పద్ధతి లేదంటోంది ఈ మనిషి. ఇంగున్‌కి ఒళ్ళు మండింది. కానీ బూటు తాడు కట్టింది బెంతె కాదు. బోటు ఆపమని ఫోన్ చేసిందీ బెంతె కాదు.

“అతను నొప్పి లేదనలేదు,” అంది. “చెప్పుకునేంత ఏం లేదన్నాడు. నేను లేదని చెప్పాను.”

“రెండూ ఒకటే,” అంది బెంతె, మెల్లగానే. “నిన్ను కాపాడటానికే చూస్తున్నాను, నా పని తేలిక చెయ్యి. ఇకమీదట మాత్రం ఎవరైనా సరే గంట కూర్చోవాల్సిందే. బోటు దాటిపోతే రోగుల బసలో రాత్రి పడుకుంటారు. వరసలో ముందూ వెనకా కూడా ఏమీ ఉండదు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. నియమం మంచిదే. అదే ఇంగున్‌కి మింగుడుపడలేదు.

మంగళవారం సెలవు పెట్టింది. రాత్రి దాల్చినచెక్క బన్నులు చేసి డబ్బాలో పేర్చి, పొద్దున బోటెక్కింది. పేడర్ అప్పగించిన మాట ఒకటుంది, చెప్పాల్సిన నిజం ఒకటుంది. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చని బోటులో కూర్చున్నంతసేపూ అనుకుంది. నిజం చెబితే నమ్మకం కలుగుతుంది, నమ్మకం కలిగితే గురువారం వస్తుంది. అలా లెక్క వేసుకుంది.

యూర్డిస్ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఇంగున్‌ని చూసి తలూపి, కాఫీ పెట్టింది. డబ్బా అందుకుని మూత తీసి, “వట్టి డబ్బా తెచ్చినా సరిపోయేది కదా, ఈ గొడవలో,” అంది. బన్నులు పళ్ళెంలోకి తీసింది. ఆమె మణికట్లు చిన్నపిల్లవాటిలా అయిపోయాయి. ముఖంలో రక్తం లేదు.

కిటికీ దగ్గర ఆసుపత్రివాళ్ళు పంపిన పొడి పొట్లాం నిలబెట్టి ఉంది, కడుపు శుభ్రం కావడానికి తాగేది. బల్లమీద కోసిన తెల్లబ్రెడ్డు, వెన్న. ఇంగున్ ఆ బ్రెడ్డు చూసింది. ఈ ఇళ్ళల్లో పెళ్ళికైనా చావుకైనా గింజలున్న నల్లబ్రెడ్డే తింటారు. తెల్లబ్రెడ్డు తినేది ఈ పరీక్షకి వెళ్ళేవాళ్ళే. యూర్డిస్ రాబోతోంది. ఇంగున్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పేడర్ నీకొక మాట చెప్పమన్నాడు,” అంది. “గొట్టం అంత ఏం లేదని.”

“నాకూ చెప్పాడు. సోఫాలో పడుకుని పొట్ట పట్టుకుని చెప్పాడు.” యూర్డిస్ కూర్చుంది. “వెళ్తానని మాటిచ్చాను. ఆయన ఒళ్ళు చల్లబడ్డాక ఇచ్చాననుకో. మాట మాటే.”

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఇంగున్ ఊరుకోలేదు. మిషను కూత దగ్గర మొదలుపెట్టి, బూటు తాడు, తడి నుదురు, టాక్సీ, కెప్టెన్‌కి ఫోన్, నొప్పి లేదట అన్న తన మాట, అన్నీ చెప్పింది. “గంట కూర్చోబెట్టి ఉంటే నొప్పి పెరగడం నా కళ్ళతో చూసేదాన్ని. ఆ సాయంత్రమే కోసేవాళ్ళు. అక్కడ తన ఇష్టంతో వెళ్ళాడని రాస్తారు. నువ్వు నమ్మకు. నేను పంపాను.”

యూర్డిస్ బంగాళాదుంప తొక్కని వేలికి చుట్టుకుంది.

“నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను,” అంది చివరికి. “నొప్పి ఉందని చెప్పకు అన్నాను. చెబితే హెలికాప్టర్ దిగుతుంది, దీవంతా కిటికీల్లోకి వస్తుంది, తీరా చూస్తే గాలి, నవ్వుతారు అన్నాను. ఆయన ఫోన్ మీద చెయ్యి పెట్టి నాకేసి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.”

తిలా పాపం తలా పిడికెడు. ఇద్దరూ కాఫీ తాగారు. తాగకపోతే ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు.

“నువ్వు గురువారం రా,” అంది ఇంగున్. “నేనే ఉంటాను. మెల్లగా చేస్తాను. నీకు రక్తం ఊరికే పోవడంలేదు యూర్డిస్. ఆలస్యం చేస్తే...”

“పరీక్ష అయ్యాక మధ్యాహ్నం బోటుకి పంపుతావా?”

అడిగిన తీరు మామూలుగానే ఉంది. ఇంగున్ కప్పు కింద పెట్టింది.

“పేడర్‌ని చర్చిలో పెట్టారు,” అంది యూర్డిస్. “ఆదివారం పూడుస్తారు. అప్పటిదాకా రాత్రి దీవి వదిలి ఉండను. మనవాళ్ళెవరూ అలా ఉండరు, నీకు తెలుసు. నువ్వు పంపుతానంటే వస్తాను.”

పంపుతాను అంటే వస్తుంది. ఒక్క మాట. పేడర్‌కి అడక్కుండానే ఇచ్చిన మాట. ఇంగున్ కళ్ళముందు అతని తడి నుదురు, ఆ వంగిన వీపు మెదిలాయి.

“పంపలేను,” అంది. “గంట కూర్చోవాలి. రాత్రి బసలో ఉండాలి. అంత్యక్రియలయ్యాక వేరే రోజు వేయిస్తాను.”

“ఎప్పుడు దొరుకుతుంది?”

“వేసవికి గానీ...” ఇంగున్ ఆగింది. “ముందు దొరికేలా చూస్తాను. ఎవరినైనా బతిమాలతాను.”

“వద్దులే. అదీ ఇంకెవరిదో వంతే,” అంది యూర్డిస్. “తర్వాత చూద్దాం.”

గ్రోహోల్మ్‌లో తర్వాత చూద్దాం అన్నది ఏదీ ఎవరూ చూడలేదు. యూర్డిస్ లేచింది. అలమారలోంచి నల్లబ్రెడ్డు తీసి, గింజలు బల్లమీద రాలుతుండగా మందంగా ఒక ముక్క కోసింది. నిలబడే వెన్న రాసి, గోధుమరంగు చీజు పరిచి, కొరికింది. మూడు రోజుల తర్వాత అసలైన తిండి. మెల్లగా, శ్రద్ధగా నమిలింది. ఇంగున్‌కి కూడా ఒక ముక్క కోసి పెట్టింది.

“తిను. బోటుకి వేళవుతోంది,” అంది.

గురువారం ఇంగున్ కొత్త నియమాన్ని పక్కనపెట్టి, వస్తుందేమోనని మొదటి వంతు యూర్డిస్‌కే ఉంచింది. బల్ల వెచ్చగా ఉండాలని దుప్పటి ముందే పరిచింది. సన్నగొట్టాల్లో అన్నిటికన్నా సన్నది తీసి పెట్టింది. బోటు వచ్చే వేళ దాటాక తలుపు తెరుచుకుంది. పసుపు కోటు వేసుకున్న బోటు పనివాడు.

“గ్రోహోల్మ్ నుంచి,” అన్నాడు, ఐస్‌క్రీం డబ్బా బల్లమీద పెట్టి. “తన వంతు ఎవరికైనా ఇచ్చెయ్యమంది.”

డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది. నూనె, జాజికాయ వాసన. అటుగా వెళ్తున్న బెంతె ఆగి, మూత ఎత్తి చూసి, “చేపవడలా,” అంటూ ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది. ఇంగున్ మూత మళ్ళీ పెట్టబోయి చూసింది. టేపు లేదు. జిగురు మరక కూడా మిగలకుండా గీకి, కడిగి, తుడిచారు. ఆ డబ్బాని ఇక ఎవరికీ తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఆమె దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, పట్నంవాళ్ళలో మొదటి పేరు పిలిచింది.